సవరణ: పొల్యూషన్ టెస్టింగ్ కాంట్రాక్టు ప్రతిసారీ ఎల్-1కే (అందరికన్నా తక్కువ ధర కోట్ చేసినవాళ్లకే) వెళ్లదు

"వాహన కాలుష్య పరీక్షల కాంట్రాక్టు ఎవరు తక్కువకు కోట్ చేస్తే వాళ్లదే" అని ముందటి పోస్టులో ఉంది. అది సగమే నిజం.

పెట్రోల్ బంకుల దగ్గర కనిపించే పీయూసీ (కాలుష్య సర్టిఫికెట్ ఇచ్చే) సెంటర్ల సంగతి వేరు. అర్హతలు చూసి రవాణా శాఖ అనుమతి ఇస్తుంది, ధరల పోటీ ఉండదు. శాఖ తరఫున టెస్టింగ్ కేంద్రం నడిపే ఏజెన్సీ కావాలంటేనే టెండరు. మామూలుగా రెండు కవర్లు అడుగుతారు. టెక్నికల్ కవరులో గట్టెక్కని వాళ్ల ధర కవరు తెరవరు.

తర్వాత ఎల్-1 పద్ధతైతే తక్కువ ధరదే గెలుపు. క్యూసీబీఎస్ (నాణ్యత, ధర రెండూ చూసి ఎంపిక చేసే పద్ధతి) అయితే నాణ్యతకూ వాటా ఉంటుంది. ఉదాహరణకు 'అ'కు టెక్నికల్ మార్కులు 90, కోట్ 120 రూపాయలు. 'ఆ'కు 75, 100 రూపాయలు. ధర మార్కులు 'ఆ'కు 100, 'అ'కు 83.33 (100ని 120తో భాగించి, వందతో హెచ్చిస్తే). నాణ్యతకు 70, ధరకు 30 శాతమైతే 'అ' 88, 'ఆ' 82.5. తిరగేసి 30:70 పెడితే 'అ' 85.33, 'ఆ' 92.5.

ఇలాంటి, కన్సల్టెన్సీ (సలహాలిచ్చే పని) కాని సేవల్లో నాణ్యత వాటా 30 శాతం మించరాదని కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరు సూచనలు చెబుతున్నాయి. అంటే ఆ పరిమితిలో క్యూసీబీఎస్ పేరు పెట్టినా ధరదే పైచేయి! రాష్ట్రాల టెండర్లకు వాటి సొంత నిబంధనలుంటాయి.

మరీ తక్కువకు కోట్ చేసినవాళ్లు అనలైజర్ (పొగను కొలిచే యంత్రం) కాలిబ్రేషన్ అంటే కొలత సరిచూడడం దగ్గర, ప్రోబ్‌ను (పొగను లాగే గొట్టాన్ని) సైలెన్సర్‌లోకి పూర్తిగా దించడం దగ్గర ఖర్చు, సమయం మిగుల్చుకునే ప్రమాదం ఉంది. అందుకే టెండరు పత్రంలో ముందుగా పెనాల్టీ క్లాజు చూడండి.