ఎఫ్ తగ్గితే రేటు పెరుగును

కెమెరా లెన్స్ కొనేముందు దాని మీద రాసింది చదవకూడదని నేను గట్టిగా ప్రతిపాదిస్తున్నాను. చదివినవాడు సుఖపడినట్టు కోఠీ కెమెరా షాపుల చరిత్రలో లేదు. "భాయ్, జూమ్ ఎంత లాగుతది?" అని ఒక్క ప్రశ్న అడిగి, డబ్బులిచ్చి, బయటికొచ్చి ఇరానీ చాయ్ తాగినవాడే ధన్యుడు.

నేను చదివాను. కెమెరాతో పాటే వచ్చిన కిట్ లెన్స్ మూతి చుట్టూ జూమ్ హద్దులు 18-55, ఎఫ్ నంబర్ 3.5-5.6, ఆ పక్కన అడ్డంగా నరికిన సున్నా, 58. నా జూమ్ 55 దాటి మూడు ఎక్కువే, 58 దాకా లాగుతుందని కొన్నాళ్లు గర్వపడ్డా. అది ముందు బిగించే ఫిల్టర్ కొలతట.

అసలు తిరకాసు ఎఫ్ నంబర్‌తో. ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ మీద ఎంఎంలలో రాసే అంకె), ముందు నుంచి చూస్తే కనిపించే కంత వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె అది. కాబట్టి 50 ఎంఎం లెన్స్‌లో ఎఫ్ 2 అంటే 25 మిల్లీమీటర్ల కంత, ఎఫ్ 16 అంటే మూడు మిల్లీమీటర్లు. కంత పెద్దదైతే లోపలికొచ్చే వెలుతురూ ఎక్కువ. అచ్చం ఎంసెట్ ర్యాంకు, అంకె చిన్నదైతే గొప్ప. కాకపోతే అక్కడ ర్యాంకు తగ్గితే ఫీజు కలిసొస్తుంది, ఇక్కడ ఎఫ్ తగ్గితే జేబుకి చిల్లు.

చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా లెన్స్‌లో పెట్టే ఏర్పాటుని కెనాన్ ఐఎస్ అంటుంది, నికాన్ వీఆర్, సోనీ ఓఎస్ఎస్, టామ్రాన్ వీసీ. రోగం ఒకటే, మందుకి నాలుగు పేర్లు. పైగా అది మన వణుకుని ఆపుతుందే తప్ప పరిగెత్తే పిల్లాణ్ణి ఆపదు. వాడికి షట్టర్ స్పీడ్ పెంచాలి, లేదా వాళ్లమ్మని పిలవాలి.

అన్నీ తెలుసుకుని 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కొన్నా. ఇంటికొచ్చాక తెలిసింది, నా చిన్న సెన్సర్ కెమెరా మీద ఆ 50ని 1.5తో గుణించుకోవాలని, అంటే 75 లెన్స్‌లా ఇరుగ్గా చూస్తుందని. సూపర్ బిల్టప్ ఏరియా చెప్పి కార్పెట్ ఏరియా చేతిలో పెట్టినట్టు! కూకట్‌పల్లి డబుల్ బెడ్రూం హాల్లో నా వీపు షోకేసుకి తగిలినా ఫ్రేములో అత్తగారు ఒక్కరే పట్టారు.

సరే, మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి పట్టుకెళ్లా. మూడు వరసల చుట్టాలు, నేను 1.8 దగ్గరే, ఎందుకంటే కట్టిన డబ్బంతా దానికే కదా. ఎఫ్ 8కి తిప్పి కంత చిన్నది చేసి ఉంటే ముందూ వెనకా అందరూ స్పష్టంగా పడేవాళ్లు. ముందు వరస దేదీప్యమానం, వెనక వరస పొగమంచు.

"మమ్మల్నెందుకురా మసక చేశావ్?" అన్నాడు బాబాయ్.

"మసక కాదు బాబాయ్, ఫొటోగ్రఫీలో దాన్ని బోకే అంటారు."

"బొకే తెచ్చిందే నేను కదరా!"