తియ్యగా ఉంటే మంచి గింజేనా?

‘విషపు మొక్కను పట్టేసే ఐదు గుర్తులు’ అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. అయినా చెప్పక తప్పడం లేదు.

పాలు కారితే విషమట, ముళ్లుంటే విషమట. వాక్కాయ చెట్టుకు రెండూ ఉన్నాయి, మనం పప్పులో వేసుకుంటున్నాం. గురివింద తీగకు రెండూ లేవు, కానీ దాని గింజ విషం. ఈ రెండు గుర్తులూ ఇక్కడికి సరి.

పక్షి తిన్న పండు మనమూ తినొచ్చట. పచ్చగన్నేరు పండ్లను కోకిలలు తింటాయి. మనిషి తింటే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది.

నాలుగోదే నాకు నిద్ర పట్టకుండా చేసింది: ‘కొంచెం కొరికి చూడండి. చేదైతే విషం, తియ్యగా ఉంటే మంచిది.’ పిల్లలున్న ఇంటికి ఈ మాట ఎలా పంపగలిగారు? అడవి ఆముదం గింజలు తిని వాంతులతో ఆసుపత్రికి వచ్చే బడిపిల్లలు వాటిని ఎందుకు తింటున్నారనుకున్నారు? నల్లటి పెంకు కొడితే లోపల తెల్లటి పప్పు, పల్లీలాంటి కమ్మదనం. ఒకటి తిన్న పిల్లాడు ఇంకో నాలుగు తింటాడు, పక్కవాడికీ పెడతాడు. కడుపునొప్పి, విరేచనాలు మొదలయ్యేది ఆ తర్వాత. మేకలు ముట్టవని ఆ మొక్కనే పొలాలకూ బడులకూ కంచెగా వేస్తాం. నాలుకను నమ్మకండి, పిల్లలకు ఆకునూ కాయనూ చూపించండి: అడవి ఆముదం కాయ నున్నగా ఉంటుంది, గింజ నల్లన. మామూలు ఆముదం కాయకు మెత్తటి ముళ్లు, గింజ మీద మచ్చలు, ఆకు వేళ్లు చాచిన అరచేయిలా లోతుగా చీలి ఉంటుంది. రెండు గింజలూ విషమే.

వండితే విషం పోతుందన్నది ఐదోది. అడవి ఆముదంలోని ఫోర్బాల్ ఎస్టర్లు అనే విష పదార్థాలు వేడికి చావవు. ఇంకేం వండుతారు?

చివర్లో ‘గురివింద గింజ మింగినా ఏం కాదు’ అని ఉంది. పచ్చి అబద్ధమని కొట్టిపారేద్దామనుకున్నాను. కానీ ఒప్పుకోవాలి, అందులో కొంత నిజముంది: పెంకు చెక్కుచెదరని గింజను నమలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది. నమిలితే మాత్రం ఒక్కటే చాలు. దండ గుచ్చడానికి చిల్లు పెట్టిన గింజకు ఆ పెంకు రక్షణ కూడా ఉండదు.

పిల్లలు ఏదైనా తిన్నారని తెలిస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి. మిగిలిన గింజనో కొమ్మనో సంచిలో వేసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. తిన్నదేమిటో డాక్టరుకు తెలిస్తే వైద్యం త్వరగా మొదలవుతుంది.