ఆదాయం ఒడిశాది, ఖర్చు ఆంధ్రాది

2025 అక్టోబరులో దేశంలో చిల్లర ధరల ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగిందని ప్రభుత్వం ప్రకటించింది. అప్పటి లెక్కల వరుసలో అంత తక్కువ ఎన్నడూ నమోదు కాలేదు. ఆహార పదార్థాల ధరలైతే ఏడాది కిందటితో పోలిస్తే 5 శాతం తగ్గాయన్నారు. ఈ వార్తను పర్లాకిమిడిలోనో బరంపురంలోనో నెలకు పదిహేను వేలతో ఇల్లు నడిపే ఇల్లాలికి చదివి వినిపించండి, ఎగతాళి చేస్తున్నారనుకుంటుంది. లెక్కయితే తప్పు కాదు. 2024 అక్టోబరులో కూరగాయల ధరలు 42 శాతం పెరిగి ఉన్నాయి. ఆ కొండమీంచి చూస్తే మరుసటి ఏడాది ఏదైనా పల్లంగానే కనిపిస్తుంది. టమాటా దిగింది, ఉల్లి దిగింది, కందిపప్పూ దిగింది. నూనె దిగలేదు. బంగారం సంగతి సరేసరి.

అయితే నేను చెప్పదలచుకున్నది కూరగాయల గురించి కాదు. దక్షిణ ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగిళ్ళలో బడ్జెట్ తప్పుతున్నది వంటింట్లో కాదని నా అభిప్రాయం. అప్పు చేసి పప్పుకూడు అని సామెత చెబుతాం గానీ ఇక్కడ పప్పుకూటికి అప్పు చేస్తున్న ఇళ్ళు తక్కువ. అప్పు పుడుతున్నది పిల్లాడి ఇంటర్ ఫీజు దగ్గర, విశాఖ ఆసుపత్రి దగ్గర, మేనకోడలి పెళ్ళి దగ్గర. ఈ మూడూ సరిహద్దు అవతల, ఆంధ్రావైపువే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది. మహేంద్రతనయకు అవతల పాతపట్నం అటే ఉండిపోయింది. గీత భూమి మీద పడింది, చుట్టరికాల మీద పడలేదు. ఇచ్చిపుచ్చుకోవడాలు టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం వైపే సాగుతూ వచ్చాయి. కాబట్టి పెళ్ళిలో ఎంత పెట్టాలి, పిల్లల్ని ఏ కాలేజీలో చేర్చాలి అన్నవి మనం ఇక్కడి ఆదాయాన్ని చూసి తేల్చుకోవడం లేదు, అక్కడి బావగారినీ వదినగారినీ చూసి తేల్చుకుంటున్నాం. ఇరువైపుల స్థితి ఒకటేనా? 2022-23 జాతీయ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామీణ ఆంధ్రప్రదేశ్‌లో తలసరి నెలఖర్చు 4,870 రూపాయలు, గ్రామీణ ఒడిశాలో 2,950. నలుగురున్న ఇంటికి లెక్కేస్తే నెలకు 7,600కు పైగా తేడా. 2025-26కి ఉపాధి హామీ రోజుకూలి అటు 307 రూపాయలు, ఇటు 273. శ్రీకాకుళం జిల్లా ఆంధ్రలో సంపన్న జిల్లా కాదు, నిజమే. రాష్ట్ర సగటు అక్కడి పల్లెలకు అతకకపోవచ్చు. గజపతి, రాయగడ జిల్లాలు ఒడిశాలోనూ వెనకబడినవే కదా! అంతరం చెరిగిపోదు.

పథకాల్లోనూ ఇదే పోలిక. పాతపట్నంలో ఉన్న అక్కకు ఏడాదికి మూడు గ్యాస్ సిలిండర్లు ఉచితం. బడికెళ్ళే పిల్లలకు తల్లికి వందనం కింద తలకు 13,000 చేతికొస్తుంది. అత్తగారికి నెలకు 4,000 పింఛను. 2025 ఆగస్టు 15 నుంచి బస్సు టికెట్టూ లేదు. పర్లాకిమిడి చెల్లెలికి ఒడిశా ప్రభుత్వ సుభద్ర పథకం కింద ఏడాదికి 10,000 వస్తుంది, అదీ రెండు విడతలుగా. ఎనభై నిండని అత్తగారికి పింఛను వెయ్యి. ఆంధ్రా ఉచిత బస్సు అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తించదు కాబట్టి అక్క ఇటు వచ్చినా, చెల్లెలు అటు వెళ్ళినా టికెట్టు కొనాల్సిందే. రెండు చేతులా అందుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అంటే, సాలూరు పక్కనున్న కొఠియా గ్రామాలున్నాయి. మా ఊళ్ళంటే మా ఊళ్ళని రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా వాదించుకుంటున్న ఆ కొండల్లో చాలామందికి రెండేసి రేషన్ కార్డులున్నాయి. మనకా భాగ్యం లేదు.

సరిహద్దులో ఉన్నందుకు మనకు దక్కే లాభం ఒక్క పెట్రోలే. ఆంధ్రాలో వ్యాట్ ఎక్కువ కనక లీటరుకు ఏడెనిమిది రూపాయల తేడా ఉంటుంది, అటువాళ్ళే ఇటొచ్చి ట్యాంకు నింపించుకుంటారు. బండికి నెలకు ఇరవై లీటర్లు పోయించే ఇంటికి నూట యాభై మిగులుతుంది. ఈ మిగులు గురించి టీ కొట్టు దగ్గర మనం చెప్పుకునే గొప్పలు వింటే నెలకు పదివేలు కలిసొస్తోందేమో అనిపిస్తుంది. ఏ సరుకు ఎటు చవక అని వెతకడం సరిహద్దు మనిషికి ఆట. ఆడుకోవచ్చు, తప్పులేదు. దాంతో ఇల్లు గట్టెక్కుతుందనుకుంటేనే చిక్కు.

వంటింటి లెక్కలో నిజంగా కొట్టొచ్చినట్టు కనిపించేది బియ్యం. ఆహార భద్రతా చట్టం కింద మనిషికి 5 కిలోలు 2023 జనవరి నుంచి పూర్తిగా ఉచితం, 2024 జనవరి నుంచి మరో ఐదేళ్ళకు పొడిగించారు. నలుగురికి 20 కిలోలు. ఇక్కడ డిపోలో వచ్చేది ఎక్కువగా ఉప్పుడు బియ్యం, అదీ లావు రకం. పిల్లలు తినడం లేదని చాలా ఇళ్ళలో దాన్ని వీధిలోకి వచ్చే బేరగాడికి అమ్మేసి సన్నబియ్యం కొంటున్నారు. అమ్మడం చట్టవిరుద్ధం. ఆ మాట పక్కనపెట్టి లెక్కే చూద్దాం. కిలో ఇరవైకి అమ్మి యాభైకి కొంటే కిలోకు ముప్ఫై పోయింది. నెలకు 600, ఏడాదికి 7,200. సుభద్ర డబ్బులో 72 శాతం అలా గడప దాటి పోయినట్టే. మొత్తం ఉప్పుడు బియ్యమే తినమని నేననను, నాకూ మధ్యాహ్నం సన్నన్నమే కావాలి. కానీ ఇడ్లీకి ఉప్పుడు బియ్యాన్ని మించింది లేదు. దోసెపిండికి, రాత్రి నానేసి పొద్దున్న తినే చద్దన్నానికి, చోడి అంబలిలో వేసే నూకకు అదే చాలు. పది కిలోలు ఇలా వాడుకున్నా సగం నష్టం ఆగుతుంది. ఇది పొదుపు పాఠం కాదు, పూర్వం మన ఇళ్ళలో ఉన్న పద్ధతే. కంట్రోలు బియ్యం తింటున్నారని చుట్టాలు అనుకుంటారేమో అన్న బెరుకు వచ్చాక పోయింది.

నూనె దగ్గర మాత్రం ఇల్లాలు చేయగలిగింది తక్కువ. దేశానికి కావలసిన వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. 2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మూల దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి ఒక్కసారే 20 శాతం చేసింది. దసరా, దీపావళి ముందు. ధర ఎగబాకాక 2025 మే చివర్లో 10 శాతానికి తగ్గించింది. రైతుకు మద్దతుగా సుంకం వేశామన్నారు, ఆ వాదనలో కొంత న్యాయం ఉంది. భారం మాత్రం బజ్జీల బండివాడి మీదా, నెలకు మూడు ప్యాకెట్లు కొనే ఇంటి మీదా పడింది. మనం చూసుకోగలిగింది బరువు. లీటరు నూనె అంటే దాదాపు 910 గ్రాములు. ఇప్పుడు 840, 850 గ్రాముల ప్యాకెట్లు కూడా చూడ్డానికి అలాగే ఉంటాయి. లీటరు 150 అనుకోండి, 840 గ్రాములది 142 అనుకోండి. ఎనిమిది రూపాయలు తగ్గిందని రెండోది తీసుకుంటే కిలో లెక్కన 165 బదులు 169 ఇచ్చినట్టు. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ పక్కన గ్రాముకో కిలోకో ఎంతన్నది చిన్నక్షరాల్లో ముద్రించాలన్న నిబంధన ఉంది, చూడాల్సింది దాన్ని. 2025 సెప్టెంబరు 22న సబ్బు, టూత్‌పేస్టు, షాంపూ, బిస్కెట్ల మీద జీఎస్టీ 5 శాతానికి దిగినప్పుడూ, అయిదు రూపాయల ప్యాకెట్ అయిదు రూపాయలుగానే ఉంది. తగ్గింపు ఉంటే గింటే గ్రాముల్లో ఉంటుంది.

ఇంతా చేస్తే వంటింట్లో నెలకు ఐదారు వందలు మిగులుతాయి. మంచిదే. అటువైపు ఇంటర్ హాస్టల్ ఫీజులో ఒక్క వాయిదాకు దాంతో ఏమవుతుంది?

పిల్లల్ని శ్రీకాకుళం, విశాఖ కాలేజీలకు పంపడం తప్పని అనలేను. తెలుగులో మాట్లాడే మాస్టార్లు, కళ్ళెదుట ఉన్న బంధువులు, ఇంజనీరింగ్ ఆశ, అన్నీ అటే లాగుతాయి. కానీ స్థానికత ఒడిశాదైతే రేపు ఇంజనీరింగ్‌లో ఆంధ్రా ఫీజు రీయింబర్స్‌మెంట్ దక్కదు. అక్కడి తండ్రికి ప్రభుత్వం సాయపడే చోట ఇక్కడి తండ్రి పూర్తిగా జేబులోంచి కడతాడు. ఈ తేడాను చేర్చేముందే, జూన్‌లో కాదు, పదో తరగతి మధ్యలోనే కూర్చుని కాగితం మీద వేసుకోవాలి. బరంపురంలో, గుణుపురంలో ఉన్న కాలేజీలను ఒకసారైనా పోల్చి చూడాలి. మన ఇళ్ళలో ఆ పోలిక జరగదు. ఫలానావాళ్ళబ్బాయి చేరాడట అన్న మాటతో చర్చ ముగిసిపోతుంది.

వైద్యం విషయంలో మాత్రం ఈమధ్య ఒక మార్పు వచ్చింది, అది ఇంకా చాలామంది చెవిన పడలేదు. 2025 ఏప్రిల్‌లో ఒడిశా ప్రభుత్వం తన గోపబంధు జన ఆరోగ్య యోజనను కేంద్రం ఆయుష్మాన్ భారత్‌తో కలిపింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకు అదనంగా మరో 5 లక్షలు. ముఖ్యమైనది మొత్తం కాదు, ఆ కార్డు రాష్ట్రం బయట జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనూ చెల్లడం. విశాఖ వెళ్ళేవాళ్ళు అడ్వాన్సు కట్టకముందే ఆసుపత్రి కౌంటర్లో కార్డు చూపించి అడగాలి. డబ్బు కట్టేశాక అడిగితే తిరిగి రావడం కష్టం. ఇంకోటి, ఈ కార్డు పనికొచ్చేది పడక మీద చేరినప్పుడే. ఓపీ చీటీ, డాక్టర్ రాసిన స్కానింగు, తోడు వెళ్ళిన ఇద్దరి భోజనం, లాడ్జీ అద్దె మనవే. గొంతు నొప్పికీ మోకాలి నొప్పికీ రైలెక్కి విశాఖ పరుగెత్తే అలవాటు దగ్గరే మన డబ్బు ఎక్కువ కారిపోతోందని నా అనుమానం. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. రద్దీ నిజం, విసుగు నిజం, భాష సమస్య కాదు. అక్కడ తెలుగొచ్చిన మనిషి దొరకడం కష్టమేమీ కాదు.

పెళ్ళిళ్ళ గురించి ఎక్కువ రాయను. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల బంగారం లక్ష దాటింది, ఆ తర్వాత ఇంకా పైకి పోయింది. గ్రాముల్లో మాట ఇచ్చినవాళ్ళు దాన్ని రూపాయల్లోకి మార్చుకుని మాట్లాడుకోవడం ఉభయులకూ మర్యాదే.

ఇన్ని ఖర్చులకూ వంతెన వేస్తున్నది గ్రూపు లోను, అంటే మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఆడవాళ్ళను గుంపుగా చేర్చి ఇచ్చే చిన్న అప్పు. ఇక్కడా సరిహద్దు గీత ఒక పాత్ర పోషించింది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ కంపెనీలకు పగ్గాలేస్తూ ఆర్డినెన్స్ తెచ్చాక అక్కడ ఆ వ్యాపారం దాదాపు కుప్పకూలింది. ఆడవాళ్ళు డ్వాక్రా సంఘాల బ్యాంకు అప్పుల మీదే ఎక్కువగా నిలబడ్డారు. ఒడిశాలో అలాంటి చట్టం లేదు. నేడు దేశంలో మైక్రోఫైనాన్స్ గట్టిగా నడిచే రాష్ట్రాల్లో ఇదొకటి. బావగారి ఊరి స్థాయి ఖర్చును మనం ఏడాదికి 20 శాతం పైబడిన వడ్డీతో అందుకుంటున్నామన్నమాట. ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 36 శాతం, దాని కంటే ఇది నయమే. ఒడిశాలో డ్వాక్రా లాంటి మిషన్ శక్తి గ్రూపు ద్వారా వచ్చే బ్యాంకు అప్పు ఇంకా నయం, గడువులో కడితే వడ్డీ భారాన్ని ప్రభుత్వమే మోసే ఏర్పాటుంది. ముందు ఆ తలుపు తట్టాలి, తర్వాతే మిగతావి. మనం తరచు తిరగేసి చేస్తాం, ఎందుకంటే కంపెనీవాడు ఇంటికొస్తాడు, బ్యాంకు దగ్గరికి మనం వెళ్ళాలి.

వారం కిస్తీ లెక్క కూడా మోసపుచ్చుతుంది. వారానికి వెయ్యి అంటే నెలకు నాలుగు వేలని మనసులో వేసుకుంటాం. ఏడాదికి 52 వారాలు, అంటే 52,000, నెలకు 4,333. అయిదు వారాలు పడే నెలలో ఏకంగా అయిదు వేలు. జీతం నెలకోసారి వచ్చే ఇంట్లో ఆ అయిదో వారం కోసమే చేబదులు పుడుతుంది, చేబదులు తీర్చడానికి ఇంకో గ్రూపు. ఒకే ఇంట్లో మూడు కంపెనీల పాస్‌బుక్కులు చేరేది ఇలాగే. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇంటి నెలసరి ఆదాయంలో సగానికి మించి కిస్తీలు పడకూడదు. సగమే ఎక్కువని నా వాదన. పదిహేను వేలలో ఏడున్నర వేలు పోయాక ఏ ఇల్లు నడుస్తుంది? అయినా ఆ నిబంధనల్లోనే పనికొచ్చే ముక్కలు రెండున్నాయి. కిస్తీ వారానికా, నెలకా అన్నది అప్పు తీసుకునేవారి అవసరాన్ని బట్టి మార్చుకునే వీలు కంపెనీ కల్పించాలి. గడువుకు ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. సుభద్ర విడతలు రాఖీ పున్నమికీ మార్చి 8కీ పడతాయి. మార్చి 5,000 వచ్చిన వారంలోనే మిగిలిన అప్పుల్లో చిన్నదాన్ని మూసేస్తే ఏప్రిల్ నుంచి ఒక పాస్‌బుక్కు తగ్గుతుంది, జూన్ ఫీజుకు ఆ మేరకు చెయ్యి ఆడుతుంది. నెల కిస్తీ కావాలని, కిస్తీలు కట్టడానికి గ్రూపులు కూడే సెంటర్ మీటింగులో ఒక్కరు అడిగితే కంపెనీ ఫీల్డ్ ఆఫీసరు కుదరదనే అంటాడు. గ్రూపులో పదిమందీ కలిసి, కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి ఇస్తే ఆ జవాబు అంత తేలిగ్గా చెప్పలేడు.