క్లోనింగ్ హక్కు ఎవరిది, ఒళ్లు ఎవరిది?

2019 సెప్టెంబరులో తూర్పు గోదావరి జిల్లాకు చెందిన డెబ్భై దాటిన మహిళ ఐవీఎఫ్‌తో, అంటే ఒంటి బయట పిండాన్ని తయారుచేసి గర్భంలో పెట్టే పద్ధతిలో, వేరే మహిళ ఇచ్చిన అండంతో కవలల్ని కన్నారు. డెల్టాలో కొన్నాళ్లు ఎక్కడ చూసినా అదే మాట. కొందరు దండం పెట్టారు, కొందరు ముక్కున వేలేసుకున్నారు. అండం ఇచ్చిన ఆ మహిళ గురించి మాత్రం ఒక్కరూ అడగ్గా నేను వినలేదు.

క్లోనింగ్ అంటే ఒకరి కణంలోని జన్యువులను ఖాళీ చేసిన అండంలో పెట్టి, ఆ పిండాన్ని ఒక గర్భంలో పెంచి, అవే జన్యువులున్న బిడ్డను పుట్టించడం. మనిషి క్లోనింగ్‌ను సమర్థించేవాళ్లు శరీర స్వేచ్ఛ గురించి మాట్లాడతారు. నా కణం నాది, దాంతో బిడ్డను కంటే ప్రభుత్వానికేం పని అంటారు. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించి, సంతానం విషయంలో నిర్ణయాన్ని కూడా అందులో చేర్చింది. కాబట్టి ఇది తీసిపారేసే వాదన కాదు. కానీ కణం ఇచ్చేవాడికి చర్మం మీద చిన్న గాటు, అంతే. మిగతా కష్టమంతా అండం ఇచ్చే, గర్భం మోసే ఆడవాళ్ల ఒంటి మీద.

1996లో స్కాట్లాండ్‌లో క్లోనింగ్‌తో డాలీ అనే గొర్రెపిల్లను పుట్టించడానికి 277 అండాలతో ప్రయత్నించారు. పిండాలైనవి 29, బతికి పుట్టింది ఒక్కటే. చైనా 2018లో ప్రకటించిన కోతుల క్లోనింగ్ ప్రయోగంలో 79 పిండాలను 21 ఆడకోతులకు పెడితే దక్కినవి రెండు పిల్లలు. దీని పక్కన మన చట్టాన్ని ఉంచి చూడండి. ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలను నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ప్రకారం ఒక మహిళ జీవితంలో ఒక్కసారే అండదానం చేయాలి, ఏడుకు మించి తీయకూడదు. డాలీ లెక్కే మనుషులకూ వేస్తే కనీసం 40 మంది ఆడవాళ్లు కావాలి. ఒక్కొక్కరికీ రోజుల తరబడి హార్మోన్ ఇంజెక్షన్లు, ఆపైన మత్తిచ్చి సూదితో అండాలు తీయడం. కొందరికి అండాశయాలు వాచి పొట్టలో నీరు చేరుతుంది. దక్షిణ కొరియాలో హ్వాంగ్ వూ-సుక్ అనే శాస్త్రవేత్త మానవ పిండాలను క్లోన్ చేశానని చెప్పిన మోసం 2005 చివర్లో బయటపడింది. అందుకు వాడిన అండాలు రెండు వేలకు పైనే. ఇచ్చినవాళ్లలో ఆయన ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయిలూ ఉన్నారు. జీతమిచ్చే పెద్దాయన అడిగితే కాదనగలరా?

వాళ్లు ఒప్పుకునే ఇచ్చారు కదా అంటారు. ఒప్పుకోవడం అంటే ఏమిటో మా వైపు చూడండి. కుటుంబ నియంత్రణ అంటే ఇక్కడ ఆడవాళ్ల ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు 70 శాతానికి దగ్గరగా ఉంటే, మగవాళ్ల ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. 'మగాళ్లు బరువులెత్తాలి కదండీ' అంటారు. గడ్డిమోపు మోసేదెవరో అడక్కూడదు. అప్పు తీర్చడానికి కోనసీమ నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లూ సంతకం పెట్టే వెళ్లారు. దాని వెనక వడ్డీ ఎంతుందో పాస్‌పోర్టులో రాయరు. ఇలాంటి చోట అండానికి ఒక రేటు పలకడం మొదలైతే, ఇంట్లో ఆ మాట ముందు ఎత్తేది ఆమే అవుతుందా?

ఇక పుట్టే బిడ్డ సంగతి. తాత పోయాక పుట్టిన మనవడికి తాత పేరు పెట్టి, మా నాన్నే వచ్చాడని కళ్లనీళ్లు పెట్టుకోవడం మనకు అలవాటే. వాడు పొలం వదిలేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకున్నా ఎవరూ ఏమీ అనరు. పోయిన కొడుకు కణంతో పుట్టించిన పిల్లాడికి ఆ వెసులుబాటు ఉండదు. జన్యువులు ఒకటైనా మనుషులు వేరని కవలల్ని పెంచిన ఏ తల్లైనా చెబుతుంది. కానీ లక్షలు పోసినవాళ్లు 'వాడైతే లెక్కల్లో ఫస్టొచ్చేవాడు' అనకుండా ఉంటారా?

2005లో ఐక్యరాజ్యసమితి అన్ని రకాల మానవ క్లోనింగ్‌నూ నిషేధించాలని ప్రకటన చేసినప్పుడు భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. బిడ్డల్ని పుట్టించే క్లోనింగ్ మనకూ వద్దు, క్లోన్ చేసిన పిండం నుంచి మూలకణాలు (ఒంట్లో ఏ రకం కణంగానైనా మారగల కణాలు) తీసి చికిత్స కోసం చేసే పరిశోధనకు దారి మూయొద్దన్నదే మన అభ్యంతరం. అప్పట్లో అందులో న్యాయం ఉంది. మరుసటి ఏడాదే జపాన్‌లో షిన్యా యమనకా అనే శాస్త్రవేత్త ఎలుక చర్మకణాలను మూలకణాల్లాంటివిగా మార్చారు, 2007లో మనిషి కణాలతోనూ అది సాధ్యమైంది. దానికి అండం అక్కర్లేదు. ఆ దారి ఉండగా ఆడవాళ్ల అండాలతోనే చేస్తామని అనుమతి అడిగేవాళ్లు, అదెందుకు తప్పదో ముందు అండం ఇచ్చే ఆమెకు తెలుగులో చెప్పి ఒప్పించాలి.