అడగాల్సింది గడువు పెంచమని కాదు

డేటా రక్షణ చట్టం మాట ఎత్తగానే చిన్న వ్యాపారులు ముందుగా అనే మాట ‘ఇంకాస్త టైమివ్వాలి’ అని. నాకు కోపం తెప్పించేది అదే. ఈ డీపీడీపీ (డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్) చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. అసలు బాధ్యతలు మొదలవడానికి ఆ నోటిఫికేషన్‌లోనే 18 నెలలు ఇచ్చారు, అంటే 2027 మే దాకా. పాస్‌వర్డు కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించిన ఆఫీసుకి ఇంకో రెండేళ్లిచ్చినా ఏమీ మారదు. గట్టిగా అడగాల్సినవి వేరే ఉన్నాయి.

ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌నే తీసుకోండి. శనివారం రాత్రి ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) పడి రిపోర్టులున్న సర్వర్ లాకైంది. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం, తెలిసిన 6 గంటల్లో సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పాలి. డీపీడీపీ బాధ్యతలు మొదలయ్యాక, ఆ చట్టం అమలు చూసే డేటా ప్రొటెక్షన్ బోర్డుకి ఆలస్యం చేయకుండా ఒకసారి, 72 గంటల్లోపు పూర్తి వివరాలతో ఇంకోసారి రాయాలి. ఇవి కాక ప్రతి పేషెంటుకీ చెప్పాలి: ఏం జరిగింది, దానివల్ల వాళ్లకేం కావచ్చు, సెంటర్ ఏం చేసింది, వాళ్లేం జాగ్రత్త పడాలి, ఎవర్ని అడగాలి. అక్కడ ఐటీ డిపార్ట్‌మెంట్ అంటే పిలిస్తే వచ్చే హార్డ్‌వేర్ కుర్రాడు ఒక్కడే. ఆ మొదటి గంటల్లో అతను నెట్‌వర్క్ కేబుల్ పీకాలి, మిగతా సిస్టమ్‌లను విడదీయాలి, బ్యాకప్ మిగిలిందో లేదో చూడాలి. 6 గంటల రిపోర్టులో అప్పటికి తెలిసినంత చెప్తే సరిపోతుంది, అది మంచిదే. కానీ ఒకే సంఘటనకి రెండు ప్రభుత్వ సంస్థలు, రెండు గడువులు ఎందుకు? ఒకే ఫారం నింపితే ఇద్దరికీ చేరేలా చేయమని అడగాలి.

దీనికన్నా పెద్ద చిక్కు డేటా ఉల్లంఘన నిర్వచనంలో ఉంది. ఈ చట్టం దృష్టిలో ఉల్లంఘన అవడానికి డేటా బయటికి పోనక్కర్లేదు, మీకే అందకుండా పోయినా ఉల్లంఘనే. ఒక రామారావు గారి షుగర్ రిపోర్టు పొరపాటున ఇంకో రామారావు గారి వాట్సాప్‌కి వెళ్లినా ఉల్లంఘనే. యూరప్ వాళ్ల డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లో మనిషికి ముప్పు ఉండే అవకాశం లేకపోతే రెగ్యులేటర్‌కి చెప్పక్కర్లేదు, ముప్పు తీవ్రంగా ఉంటేనే ఆ మనిషికి చెప్పాలి. మన చట్టం అలాంటి గీత గీయలేదు. లక్షమంది ఆధార్ కాపీలు పోయినా, ఒక్క రిపోర్టు దారి తప్పినా రెండూ బోర్డుకి చెప్పాల్సిందే. భద్రతా చర్యల్లో లోపానికి 250 కోట్ల దాకా, చెప్పకపోతే 200 కోట్ల దాకా జరిమానా. వేసేముందు తీవ్రత చూస్తారు, నిజమే. అయినా ఆ అంకె చూసిన చిన్న యజమాని చెప్పడం మానేసి దాచడం మొదలుపెడతాడు. అప్పుడు నష్టం పేషెంటుకే. స్టార్టప్ మినహాయింపు వస్తుందని ఎదురుచూసేవాళ్లు సెక్షన్ 17(3) ఒకసారి చదవండి. కొన్ని బాధ్యతల నుంచి సడలింపు ఇవ్వొచ్చు కానీ ఆ జాబితాలో డేటా కాపాడటం, ఉల్లంఘన గురించి చెప్పడం లేవు.

సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీ క్లౌడ్‌లో తప్పు జరిగినా చట్టం ముందు నిలబడేది మీరే. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కాగితంలో సర్వీసు రేట్లు తప్ప ఏమీ ఉండవు. ఉల్లంఘన జరిగితే 24 గంటల్లో మాకు చెప్పాలి, ఒప్పందం ముగిస్తే డేటా తిరిగిచ్చి తుడిచేయాలి, మళ్లీ వేరేవాళ్లకి అప్పగిస్తే మాకు తెలియాలి, ఈ మూడూ రాయించండి. పెద్ద వెండర్ చిన్న సెంటర్ చెప్పిన షరతు ఒప్పుకోడు కాబట్టి, ప్రభుత్వమే ఒక నమూనా ఒప్పందం ఇవ్వాలి.

ఇక మన చేతిలో ఉన్న పని. లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో సిస్టమ్ రాసుకునే చిట్టాలు, సెర్ట్-ఇన్‌కి 180 రోజులు, డీపీడీపీ రూల్స్ కింద ఏడాది ఉండాలి. మామూలు రౌటర్‌లో మెమరీ తక్కువ. నిండగానే పాతవాటి మీద కొత్తవి రాసేస్తుంది, విచారణకి వచ్చినప్పుడు చూపడానికి ఏమీ మిగలదు. ఒక పాత పీసీని సిస్‌లాగ్ సర్వర్‌గా పెట్టి లాగ్‌లు అక్కడికి పంపండి. అన్ని మెషిన్ల గడియారాలూ కేంద్ర ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్‌తో కలవాలి. ఒకదానిలో పది నిమిషాలు తేడా ఉంటే ఏది ముందు జరిగిందో తేలదు. నలుగురూ ‘అడ్మిన్’ పేరుతోనే లాగిన్ అవుతుంటే లాగ్ ఉన్నా దండగే, ఎవరు తెరిచారో అది చెప్పలేదు. బ్యాకప్ డిస్క్‌ని సర్వర్‌కే తగిలించి ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దాన్నీ లాక్ చేస్తుంది. కాపీ అవగానే తీసి విడిగా పెట్టండి. నెలకోసారి అందులోంచి ఒక ఫైల్ వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. చాలాచోట్ల తెరుచుకోదన్న సంగతి అవసరం పడ్డ రోజే తెలుస్తుంది.

మన వ్యాపారులు సిగ్గుపడాల్సిన విషయం ఇంకోటుంది. టెన్త్ రిజల్ట్స్ టైములో తల్లిదండ్రుల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఎప్పుడూ గడప తొక్కని జూనియర్ కాలేజీకి పిల్లాడి పేరు, స్కూలు, ఒక్కోసారి మార్కులు కూడా తెలుసు. ఆ లిస్టులు ఎవరో అమ్మారు, ఎవరో కొన్నారు. చట్టం లెక్కలో 18 నిండనివాళ్లంతా పిల్లలే, అంటే ఇంటర్ విద్యార్థులు దాదాపు అందరూ. వాళ్ల డేటాకి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, ఆ ఇచ్చింది నిజంగా తల్లిదండ్రులేనని నిర్ధారించుకోవాలి. విద్యాసంస్థలకి రూల్స్ ఇచ్చిన మినహాయింపు తమ దగ్గర చేరిన పిల్లల చదువుకి, భద్రతకి సంబంధించినది. అడ్మిషన్ ప్రచారానికి అది వర్తించదు. ఈ లిస్టులు కొంటూనే చట్టం కఠినంగా ఉందని అనే అర్హత మనకి లేదు.

కాబట్టి ఎంక్వైరీకి వచ్చినవాళ్ల నంబర్లు ఎందుకు తీసుకుంటున్నారో ఫారం మీద తెలుగులో రాయండి. నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని తెలుగులాంటి భాషల్లో చదువుకునే హక్కు చట్టమే ఇచ్చింది. చేరనివాళ్ల వివరాలు మార్కెటింగ్ సిబ్బంది ఫోన్లలోంచి, ఎక్సెల్ షీట్లలోంచి తీసేయండి. రూల్స్ ప్రకారం ఏడాది ఉంచాల్సినంత వరకే విడిగా, ఒక్కరి లాగిన్‌తోనే తెరుచుకునేలా పెట్టండి, ఏడాది దాటగానే తుడిచేయండి.