కె.వి.రెడ్డి గారి మీద తిరుగుతున్న అబద్ధాలకు జవాబు

చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ఆగకుండా తిరుగుతోంది. సాలిగ్రామంలో ఒకరు పంపితే టి.నగర్‌లో ఇంకొకరు, అక్కణ్ణుంచి అంబత్తూరు గ్రూపుకి. ‘మాయాబజార్’ వెనకున్న అసలు నిజాలు చెబుతున్నామని దాని ధోరణి. అందులో ఉన్నది ఇదీ: ఆ సినిమా దర్శకుడు కె.వి.రెడ్డి సినిమాల్లోకి క్యాషియరుగా వచ్చాడు, దర్శకత్వం ఆయనకు పెద్దగా తెలియదు. ఆ సినిమా తీసిన విజయా సంస్థ వాళ్ళ డబ్బు ఆయన్ని దర్శకుణ్ణి చేసింది. తెర మీద మాయంతా మార్కస్ బార్ట్లీ కెమెరాది, మిగిలింది పింగళి నాగేంద్రరావు కలానిది. పురాణాలు, జానపదాలు తప్ప ఆయన మరొకటి తీయలేదు. ‘మాయాబజార్’ కథ వ్యాసభారతంలో ఉన్నదే, ఆయన కొత్తగా చేసిందేమీ లేదు. ఎన్టీఆర్ మొట్టమొదట కృష్ణుడి వేషం కట్టింది అందులోనే. ఆ తర్వాత ఆయన సినిమా ఒక్కటీ ఆడలేదు. చివర్లో సావిత్రి నటనను మెచ్చుకుంటూ రెండు ముక్కలు, తెలుగువాళ్ళందరికీ పంపమని ఒక విన్నపం.

చూసీ చూడనట్టు వదిలేయమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. ఆయన సినిమాలు తీసింది ఈ ఊళ్ళోనే. వడపళనిలో వాహినీ (తర్వాత విజయా-వాహినీ) స్టూడియో ఫ్లోర్లు ఉండే ప్రాంతంలో ఇవాళ మాల్ ఉంది, హాస్పిటల్ ఉంది. వాటి పేర్లలో ‘విజయా’ అన్న మాట మిగిలింది. మన పిల్లలకు ఆ మాల్ బాగా తెలుసు, అక్కడ ఏం జరిగిందో తెలియదు. తెలియని చోట ఇలాంటి సందేశమే చరిత్ర అయిపోతుంది.

ముందు క్యాషియర్ సంగతి. అది నిజమే. తాడిపత్రిలో 1912 జూలై 1న పుట్టిన కదిరి వెంకటరెడ్డి, మెరీనా ఎదురుగా ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీలో డిగ్రీ చదివారు. తాడిపత్రి స్నేహితుడు మూలా నారాయణస్వామి ద్వారా సినిమాల్లోకి వచ్చి, 1938లో వచ్చిన ‘గృహలక్ష్మి’కి డబ్బు లెక్కలు చూశారు. తర్వాత వాహినీలో ప్రొడక్షన్ పనులు. బి.ఎన్.రెడ్డి గారు తీసిన ‘వందేమాతరం’, ‘సుమంగళి’, ‘దేవత’ ఒకదాని తర్వాత ఒకటి ఆయన కళ్ళ ముందే తయారయ్యాయి. ఒక సెట్ ఎన్ని రోజులు నిలబెట్టాలి, ఒక ఆర్టిస్టు కాల్షీట్ పోతే ఎంత నష్టం, ఏ సీను ఎందుకు సాగుతోంది, ఇవన్నీ రూపాయల్లో తెలిసిన మనిషి 1943లో ‘భక్త పోతన’తో దర్శకుడయ్యాడు. సందేశం రాసినవాళ్ళు దీన్ని లోపంగా చెప్పారు. నాకు మాత్రం అది ఏ ఫిల్మ్ స్కూలూ ఇవ్వలేని శిక్షణగా కనిపిస్తుంది. ఆయన పనిచేసే తీరంతా అక్కణ్ణుంచే వచ్చిందని నా నమ్మకం. ఎందుకో కింద చెబుతాను.

విజయా డబ్బు ఆయన్ని దర్శకుణ్ణి చేసిందన్న మాట తేదీల ముందు నిలబడదు. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా తొలి సినిమా ‘షావుకారు’ 1950లో వచ్చింది, దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. అప్పటికే కె.వి.రెడ్డి చేతిలో వాహినీ వాళ్ళ మూడు సినిమాలున్నాయి: ‘భక్త పోతన’, 1947లో ‘యోగి వేమన’, 1949లో ‘గుణసుందరి కథ’. నాగయ్య గారి పోతన, నాగయ్య గారి వేమన ఇవాళ్టికీ పెద్దవాళ్ళ నోట వినిపిస్తారంటే అవి ఎవరి చేతుల్లో తయారయ్యాయో గుర్తుండాలి. విజయా వాళ్ళు 1951లో ‘పాతాళభైరవి’ని అప్పటికే చేయి తిరిగిన మనిషికి అప్పగించారు.

ఇక అసలైన విషయం. కెమెరా బార్ట్లీది, మాటలు పింగళివి, మరి దర్శకుడు చేసిందేమిటి?

బార్ట్లీ గొప్పతనం గురించి నాకు ఏ తగువూ లేదు. ‘లాహిరి లాహిరి’ పాటలో ఆ వెన్నెల చూసి ముగ్ధులు కాని తెలుగువాళ్ళు ఉండరు. అందులో కొంత భాగం మన ఎన్నూరు నీళ్ళ మీద తీసిందే. కానీ అదే బార్ట్లీ 1955లో ‘మిస్సమ్మ’కూ కెమెరా పట్టారు. అక్కడ దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. రెండు సినిమాలూ వరసగా చూడండి. అదే కెమెరామన్, అదే సంస్థ, చాలావరకు అదే నటవర్గం. సినిమా నడక మాత్రం వేరు. పైగా 1955లో కె.వి.రెడ్డి అన్నపూర్ణా వాళ్ళకు తీసిన ‘దొంగరాముడు’కి కెమెరా ఆది ఇరానీ, మాటలు డి.వి.నరసరాజు. బార్ట్లీ లేరు, పింగళి లేరు. అన్నపూర్ణా వాళ్ళకది మొదటి సినిమా, వాళ్ళు నిలదొక్కుకున్నదే దాంతో. మరి అది ఎవరి ప్రతిభ?

కెమెరాతో కానిదీ మాటలతో కానిదీ ఒకటి ‘మాయాబజార్’లో చూపిస్తాను. ప్రియదర్శిని పెట్టె సన్నివేశం గుర్తు తెచ్చుకోండి. ఎవరు తెరిస్తే వాళ్ళకు ఇష్టమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. బలరాముడికి దుర్యోధనుడు. రేవతికి నగలు. కృష్ణుడికి శకుని! చూస్తున్నవాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుతూనే కథ మొత్తం తెలిసిపోతుంది: పిల్ల మనసు ఎవరి మీదుంది, తండ్రి ఎవరి మాయలో పడబోతున్నాడు, తల్లి దేనికి లొంగుతుంది, కృష్ణుడి ధ్యాస ఎవరి మీద. ఇవన్నీ సంభాషణల్లో చెప్పాలంటే నాలుగు సీన్లు పట్టేవి. పెట్టెలో బొమ్మ కనిపించేలా చేయడం కెమెరా పని. ఎవరికి ఎవరు కనిపించాలి, ఏ వరసలో కనిపించాలి, ఎక్కడ నవ్వు రావాలి అన్నది కూర్చుని ఆలోచించి తేల్చాల్సిన పని. ఎక్కినవాళ్ళ చేత నిజం చెప్పించే సత్యపీఠం కూడా అంతే. సరదా వస్తువులా పరిచయమై, ఎక్కడో పక్కనుండి, చివరికి శకుని దాని మీద నిలబడి తన కుట్ర తనే బయటపెట్టుకునేదాకా వస్తుంది. ‘లాహిరి లాహిరి’ కూడా వట్టి వెన్నెల పాట కాదు. అదే పడవ, అదే పాట, మూడు జంటలు. పాట అయ్యేసరికి ఒక కుటుంబం మొత్తం మనకు చుట్టాలైపోతుంది.

ఈ పని ఎలా చేసేవారో ఆయన దగ్గర అసిస్టెంటుగా ఉన్న సింగీతం శ్రీనివాసరావు గారు చాలాసార్లు చెప్పారు. షూటింగుకి ముందే స్క్రిప్టు మొత్తం పక్కాగా సిద్ధం కావాలి. చదివిస్తూ, స్టాప్‌వాచ్ పట్టుకుని, ఏ సీను ఎంతసేపు వస్తుందో రాసి పెట్టుకోవాలి. సెట్ మీద ఆ లెక్క ప్రకారమే తీయాలి. ఎడిటింగ్ టేబుల్ దగ్గర చూసుకుందాంలే అన్న మాటే లేదు. డబ్బు లెక్కలు చూసిన చేయి కాలం లెక్కలు చూడటం మొదలుపెట్టిందన్నమాట. అప్పట్లో ఫిల్ము ఎంత ఖరీదో, సెట్లో ఒక పూట వృథా అయితే ఎంత పోతుందో తెలిసిన మనిషికే ఆ పద్ధతి తడుతుంది.

దీనికి తోడు ‘మాయాబజార్’ ఒక సినిమా కాదు, రెండు. తెలుగుది 1957 మార్చి 27న వస్తే, తమిళం అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది. తెలుగులో అభిమన్యుడు అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. ఇక్కడ లక్ష్మణకుమారుడు రేలంగి, అక్కడ తంగవేలు. ఎన్టీఆర్, సావిత్రి, ఎస్వీ రంగారావు రెండింటిలోనూ ఉన్నారు. మనకు ‘వివాహ భోజనంబు’ మాధవపెద్ది సత్యం గొంతు. మా పక్కింటి తమిళ పెద్దాయనకు ‘కల్యాణ సమయల్ సాదం’ తిరుచ్చి లోగనాథన్ గొంతు, ఆయన తన సినిమా అనే చెప్పుకుంటారు. చెప్పుకోవలసిందే. రెండు భాషల్లో, ఇద్దరు అభిమన్యులతో, ఇంత పెద్ద తారాగణంతో తీసిన సినిమాలో ఎక్కడా తడబాటు కనిపించదంటే దాని వెనక ఎంత ముందుచూపు ఉండి ఉండాలి? ఆయనకు దర్శకత్వం తెలియదని ఎలా రాయబుద్ధయిందో!

పింగళి విషయంలో ఒక్క మాట. ఆయనతో కె.వి.రెడ్డి జోడీ కుదిరింది ‘గుణసుందరి కథ’లోనే, విజయా కంటే ముందు. రచయితను గుర్తించి, దశాబ్దం పైగా వెంట ఉంచుకుని, ఆయన ఊహకు తెర మీద చోటు ఇవ్వడం కూడా దర్శకుడి ప్రజ్ఞే. పింగళికి ఇచ్చిన మర్యాద కె.వి.రెడ్డి దగ్గర్నుంచి లాక్కుని ఇవ్వనక్కర్లేదు.

పురాణాలు, జానపదాలు తప్ప తీయలేదన్నది మరీ అన్యాయం. ‘దొంగరాముడు’ అన్నాచెల్లెళ్ళ కథ, పేదరికం వల్ల దొంగ అయిన కుర్రవాడి కథ, పూర్తిగా సాంఘికం. ‘మాయాబజార్’ తర్వాతి ఏడాదే వచ్చిన ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ మొగుడూ పెళ్ళాల కథ. వీటన్నిటికంటే ముందు 1954లో ‘పెద్దమనుషులు’ ఉంది. నన్నడిగితే ఆయన సాహసం కనిపించేది ‘మాయాబజార్’లో కంటే ఇందులోనే ఎక్కువ. ఒక మునిసిపాలిటీ చైర్మన్, పేరు ధర్మారావు, ఊరంతా చేతులెత్తి దణ్ణం పెట్టే మనిషి, లోపల కుళ్ళు. గౌరీనాథశాస్త్రి ఆ వేషంలో ఎంత నిదానంగా, ఎంత గంభీరంగా ఉంటారంటే, అతణ్ణి దుర్మార్గుడని నమ్మడానికి మనకే టైం పడుతుంది. ఊరివాళ్ళు మోసపోయినట్టే మనమూ మోసపోతాం. నిజాలన్నీ రేలంగి వేసిన పిచ్చివాడి నోట, కొసరాజు పాటల్లో వస్తాయి. మూలం ఇబ్సెన్ నాటకం, కానీ తెర మీద అది అచ్చంగా మన తాలూకా టౌను. స్వాతంత్ర్యం వచ్చి ఏడేళ్ళు కాలేదు, ఖద్దరు వేసుకున్న పెద్దమనిషిని తెర మీద నిలబెట్టి ప్రశ్నించారు. దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. ఈ సినిమా పేరు కూడా ఎత్తకుండా కె.వి.రెడ్డి మీద వ్యాసం రాయడమేమిటి?

‘మాయాబజార్’ కథ వ్యాసభారతంలోది కాదు. అక్కడ అభిమన్యుడు చేసుకున్నది విరాటరాజు కూతురు ఉత్తరని. శశిరేఖ జనం నోళ్ళలో, నాటకాల్లో పుట్టి పెరిగిన పిల్ల. తమిళంలో ఆమె వత్సల, మరాఠీలో సురేఖ. కె.వి.రెడ్డి కంటే ముందే, 1936లో పి.వి.దాస్ దర్శకత్వంలో శాంతకుమారి శశిరేఖగా సినిమా వచ్చింది. అంటే కథ అందరికీ తెలిసిందే, తెలిసిన కథనే ఇలా ఎవరూ చెప్పలేదు. పాండవులకు సంబంధించిన కథలో ఐదుగురు పాండవుల్లో ఒక్కరినీ తెర మీద చూపించకుండా మూడు గంటలు నడిపి, వాళ్ళు లేరన్న ధ్యాసే రానివ్వకపోవడం ఒక్కటి చాలు, కొత్తగా చేసిందేమీ లేదన్నవాళ్ళకి జవాబుగా.

ఎన్టీఆర్ కృష్ణుడి సంగతి: 1956లో ‘సొంత ఊరు’లో ఆయన కృష్ణుడిగా కాసేపు కనిపించారు, జనానికి నచ్చలేదు. అందుకే ‘మాయాబజార్’కి ముందు వెనకాడారు. అయినా ఆయనే కృష్ణుడని పట్టుబట్టింది కె.వి.రెడ్డి గారే. కాబట్టి ఇది తొలి కృష్ణవేషం కాదు, ఓడిపోయిన వేషాన్ని నిలబెట్టిన సినిమా. దర్శకుడి గొప్ప తగ్గించాలని రాసినవాళ్ళు ఇక్కడ తెలియక ఆయనకు రావలసినది ఇంకొంచెం తగ్గించారు.

తర్వాత ఒక్కటీ ఆడలేదన్నది కూడా తప్పే. 1961లో ‘జగదేకవీరుని కథ’ ఘనవిజయం. ‘శివశంకరీ’ పాటలో ఒకే ఫ్రేములో ఐదుగురు ఎన్టీఆర్‌లు గానం, వాద్యం పంచుకునే ఆ షాట్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటాం. 1963లో ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’. ఆ తర్వాత దెబ్బలు తగిలిన మాట నిజం. ‘సత్య హరిశ్చంద్ర’, ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’, ‘భాగ్యచక్రం’ అనుకున్నంత ఆడలేదు. విజయాతో బంధమూ పలచబడింది. రంగుల సినిమా వస్తోంది, ప్రేక్షకులు మారుతున్నారు, పద్ధతిగా నిదానంగా పనిచేసే మనిషికి ఆ రోజులు కష్టమే. దాచాల్సిన పని లేదు. కానీ కథ అక్కడ ఆగలేదు. అంతకుముందు తను పట్టుబట్టి కృష్ణుణ్ణి చేసిన ఎన్టీఆరే 1971లో ‘శ్రీకృష్ణసత్య’ను ఆయన చేతికి ఇచ్చారు. ఆ మరుసటి ఏడాది సెప్టెంబర్ 15న ఆయన పోయారు. చివరి సినిమా దాకా ఆయన్ని నమ్మినవాళ్ళు ఉన్నారు.

ఇక సందేశం చివర సావిత్రి గురించి రాసిన రెండు ముక్కలు. వాటితో నాకు పేచీ లేదు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె నడక, చూపు, మెడ తిప్పడం అన్నీ రంగారావు గారివే. ‘అహ నా పెళ్ళియంట’లో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరినప్పుడు ఆమె ముఖం మారే తీరు చూడండి. పంపాలనుకుంటే ఆ రెండు వాక్యాలు పంపండి, మిగతాది తీసేయండి.