గదాధరుడి ఫీల్డింగ్ ఇంకా మెరుగుపడాలి

మూడు రాత్రులుగా నాకు నిద్ర లేదు. బేస్‌బాల్‌లో మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కిందున్న ట్రిపుల్-ఎ స్థాయిలో, రౌండ్ రాక్‌లో ఆడుతున్న ఒక కుర్రాణ్ణి మేజర్ లీగ్‌కి, అంటే ఆర్లింగ్టన్‌కి పిలవాలా వద్దా అన్నది తేలడం లేదు. టెక్సాస్ రేంజర్స్ భవిష్యత్తంతా ఈ ఒక్క నిర్ణయం మీదే ఉంది. ఆ జట్టుకి జనరల్ మేనేజర్ని నేనే. లాప్‌టాప్ మూసేదాకా నేనే.

తెలియనివారి కోసం చెబుతాను. అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్ అని ఒక కంప్యూటర్ ఆట ఉంది. ఇందులో మనం బ్యాటు పట్టం, బంతి విసరం. జీతాలు లెక్కేస్తాం, రిపోర్టులు చదువుతాం, ఎవణ్ణి పైకి లాగాలో ఎవణ్ణి కిందకి దించాలో తేలుస్తాం. పగలంతా ఆఫీసులో స్ప్రెడ్‌షీట్లతో కుస్తీ పట్టి, రాత్రికి సేదతీరడానికి సొంత డబ్బుతో కొనుక్కున్న మరికొన్ని స్ప్రెడ్‌షీట్లు అనుకోండి. నేనుండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో. ట్రిపుల్-ఎకి ఇంకో మెట్టు కింద ఉండే రేంజర్స్ వారి డబుల్-ఎ జట్టు ఈ ఊరిదే. వాళ్ల స్టేడియంలో అవుట్‌ఫీల్డ్ పక్కన ఒక నీళ్ల కాలువ కట్టారు, ట్యూబులో తేలుతూ ఆట చూడొచ్చు. మా కాలనీ తెలుగువాళ్లు టికెట్ కొనేది ఆ కాలువ కోసమే. పిల్లలు నీళ్లలో ఉంటే, ఒడ్డున నేనొక్కణ్ణే కూర్చుని స్ట్రైకవుట్లు, అంటే మూడు స్ట్రైకులకు బ్యాటర్ అవుటైన లెక్కలు, రాసుకుంటూ ఉంటాను.

ఇక మన కుర్రాడు. వయసు 23. కంప్యూటర్ పుట్టించిన బిడ్డ, అమ్మా నాన్నా లేరు. పేరు ఉంది గానీ వ్యవహారం పరిశీలనలో ఉంది కాబట్టి బయటపెట్టడం మర్యాద కాదు. గదాధరుడు అందాం. బ్యాటు పట్టుకుని నిలబడితే దుర్యోధనుడి తొడ వైపు చూస్తున్న భీముడే. బంతికి తగిలిందా, ఊరి పొలిమేర దాటాల్సిందే. తగిలితే.

ఆ 'తగిలితే' దగ్గరే చిక్కంతా. బేస్‌బాల్‌లో స్కౌట్లు 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు. 50 వస్తే మేజర్ లీగ్ సగటు ఆటగాడు. 20కి తక్కువ ఎవరికీ వేయరు, అంటే పేపరు మీద హాల్ టికెట్ నంబరు సరిగ్గా వేసినందుకే 20 అన్నమాట. గదాధరుడికి బలంలో 75, బంతిని తాకించడంలో 35, మూడో బేస్ దగ్గర ఫీల్డింగ్‌లో 40. ఈ మార్కులు చూసి ఇంకెవరైనా ఐదు నిమిషాల్లో ఏదో ఒకటి తేల్చేవారు. నేను బాధ్యత గలవాణ్ణి. కమిటీ వేశాను. అందులో సభ్యుణ్ణి నేనొక్కణ్ణే అయినా మూడు సమావేశాలు జరిగాయి, రెండిటికి కోరం లేక వాయిదా పడ్డాయి.

కమిటీ ముందుకు వచ్చిన మొదటి అంశం గాలి. రౌండ్ రాక్ జట్టు ఆడే లీగులోనే అల్బుకర్కీ ఉంది. సముద్ర మట్టానికి సుమారు 5,000 అడుగుల ఎత్తు. అక్కడ గాలి పలచన, కొట్టిన బంతి ఇంకాస్త దూరం పోతుంది, మైదానం దాటితే హోమ్ రన్. మరి గదాధరుడు అల్బుకర్కీలో కొట్టిన హోమ్ రన్లలో అతని కండ ఎంత, కొండ ఎంత? ఇది తేలేదాకా వాటిని లెక్కలోకి తీసుకోరాదని తీర్మానించాను. అక్కడ అతను అవుటైన సందర్భాలను మాత్రం లెక్కలోకి తీసుకున్నాను. అవి పలచటి గాలిలో కూడా అవుట్లే కదా.

రెండో అంశం చరిత్ర. మైక్ హెస్‌మన్ అని ఒకాయన ఉన్నాడు. 1996 నుంచి 2015 దాకా అమెరికా మైనర్ లీగుల్లో, అంటే మేజర్ లీగ్ కింది మెట్లలో, ఊరూరా తిరిగి 433 హోమ్ రన్లు బాదాడు. బజ్ ఆర్లెట్ పేరు మీద ఎప్పటినుంచో ఉన్న 432 రికార్డును 2015 ఆగస్టులో టొలీడో తరఫున ఆడుతూ, మూడు బేసులూ నిండి ఉండగా కొట్టిన హోమ్ రన్‌తో దాటాడు. మరి మేజర్ లీగ్‌లో? మొత్తం 14. బ్యాటింగ్ సగటు .188, అంటే వెయ్యి అవకాశాల్లో 188 హిట్లు. మైనర్ లీగుల్లో అందరికన్నా ఎక్కువ హోమ్ రన్లు కొట్టాడంటే, అందరికన్నా ఎక్కువ కాలం అక్కడే ఉన్నాడని కూడా అర్థం. అలాంటి రికార్డు కొట్టిన రోజున శాలువా కప్పాలో, భుజం తట్టి ఊరడించాలో నాకిప్పటికీ తెలియదు. ఏమైతేనేం, హెస్‌మన్ పేరు చెప్పి గదాధరుడి ఫైలును కిందన పెట్టాను.

ఆ వెంటనే ఆరన్ జడ్జ్ గుర్తొచ్చాడు. 2016 ఆగస్టు 13న న్యూయార్క్ జట్టు యాంకీస్ అతణ్ణి పైకి పిలిస్తే బ్యాటు పట్టిన మొదటి అవకాశంలోనే హోమ్ రన్ కొట్టాడు. బాగుంది. తర్వాత ఆ సీజన్ ముగిసేలోగా 84 అవకాశాల్లో 42 సార్లు స్ట్రైకవుట్. సరిగ్గా సగం. సగటు .179, అంటే హెస్‌మన్ కన్నా కింద. నాలాంటి బాధ్యత గల మేనేజరుంటే అప్పుడే బస్సెక్కించి వెనక్కి పంపేవాడు. వాళ్లు పంపలేదు. మరుసటి ఏడాది 52 కొట్టాడు. అప్పటిదాకా కొత్త ఆటగాడెవడూ అన్ని కొట్టలేదు. దాంతో ఫైలు మళ్లీ పైకి తీశాను. చరిత్ర నుంచి పాఠాలు నేర్చుకోవాలనే పెద్దలు, రెండు పాఠాలూ ఒకే బడిలో ఎదురైతే ఏం చేయాలో చెప్పకుండానే పోయారు.

ఇంతకీ ఇవన్నీ పైపై మాటలు. అసలు సంగతి రోజులది.

మేజర్ లీగ్‌లో ఒక సీజన్‌లో 172 రోజులు జట్టులో ఉంటే ఆటగాడికి ఒక ఏడాది సర్వీసు జమవుతుంది. అలాంటివి ఆరేళ్లు నిండితే స్వేచ్ఛ వస్తుంది, ఏ జట్టు ఎక్కువిస్తే ఆ జట్టుకి పోవచ్చు. నా ఆటలో ఈ సీజన్‌కి 187 రోజులు. గదాధరుణ్ణి మొదటి రోజే పిలిస్తే ఆరేళ్లకు చెయ్యి జారిపోతాడు. పదహారు రోజులు ఆపి పిలిచాననుకోండి, 171. ఒక్క రోజు తక్కువ. ఆ ఒక్క రోజుకి నాకు ఇంకో ఏడాది దక్కుతుంది.

ఇది నా బుర్రలో పుట్టిన కుట్ర కాదు. 2015లో షికాగో కబ్స్ దగ్గర క్రిస్ బ్రయంట్ ఉన్నాడు. ముందు ఏడాది మైనర్స్‌లో 43 హోమ్ రన్లు, ఆ వసంతంలో సన్నాహక మ్యాచుల్లో తొమ్మిది. అయినా ఫీల్డింగ్ మీద ఇంకొంచెం పని ఉందని చెప్పి తమ ట్రిపుల్-ఎ జట్టుండే అయోవాకి పంపారు. ఏప్రిల్ 17న వెనక్కి పిలిచారు. ఆ కొద్ది రోజుల్లోనే ఫీల్డింగ్ కుదిరిపోయింది చూశారా, పట్టుదల అంటే అది. ఏడాది చివర లెక్క చూస్తే అతని ఖాతాలో సరిగ్గా 171 రోజులు. మొదటి మ్యాచ్‌లో మూడుసార్లు స్ట్రైకవుటై, చివరికి ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు అయ్యాడు. ఆ ఒక్క రోజు కోసం ఫిర్యాదు చేస్తే, 2020లో మధ్యవర్తి జట్టు వైపే తీర్పు చెప్పాడు. 2022లో లీగుకీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందంలో దీనికో విరుగుడు పెట్టారు: ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగులో మొదటి రెండు స్థానాల్లో ఉంటే, ఎప్పుడు పిలిచినా పూర్తి ఏడాది జమ. అందుకే గదాధరుడు బాగా ఆడాలి గానీ మరీ అంత బాగా ఆడకూడదని కోరుకుంటున్నాను.

జీతం సంగతి కూడా కమిటీ ముందుకొచ్చింది. 2023లో మేజర్ లీగ్ కనీస జీతం 7 లక్షల 20 వేల డాలర్లు, ట్రిపుల్-ఎ కనీసం 35,800. కంప్యూటర్ కుర్రాడికి ఆకలి వేయదు కాబట్టి చర్చ అవసరం లేకపోయింది.

ఇదే వారం నా ఆఫీసులో అప్రైజల్ కూడా అయింది. పని బాగుంది గానీ 'విజిబిలిటీ' పెరగాలి, వచ్చే సైకిల్‌లో చూద్దాం అన్నాడు మా మేనేజరు. ఎంత అన్యాయమో చూడండి. ఏ ప్రమాణంతో కొలుస్తున్నాడో చెప్పడు, ఎప్పటికిస్తాడో చెప్పడు. సరే, ఆ గొడవ ఇక్కడ అప్రస్తుతం.

నాలుగో రాత్రి తెనాలి నుంచి మా నాన్న ఫోన్ చేశాడు.

"ఏరా, ప్రమోషన్ సంగతి ఏమైంది?"

"ఇంకా తేల్చలేదు నాన్నా. బలం ఉంది గానీ ఫీల్డింగ్ వీకు."

"మీ ఆఫీసులో ఫీల్డింగ్ ఏవిట్రా?"

మొత్తం వివరించాను. గద, గాలి, హెస్‌మన్ ఏదీ ఆయన పట్టించుకోలేదు. 172 దగ్గరికి రాగానే మాత్రం ఆపాడు. "మళ్లీ చెప్పు" అన్నాడు. చెప్పాను. ఇంకేమీ అడగకుండానే మొత్తం అర్థమైపోయింది ఆయనకి. జీవితంలో బేస్‌బాల్ చూడని మనిషికి ఈ నిబంధన ఇంత తొందరగా ఎక్కడం నేనెక్కడా చూడలేదు. మా నాన్న ఓ జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. ఏటా ఏప్రిల్లో తీసేసేవారు, జూన్‌లో మళ్లీ తీసుకునేవారు. మధ్యలో ఆ ఖాళీ ఉండటం వల్ల ఎన్నేళ్లు చెప్పినా కొత్తగా చేరినవాడి కిందే లెక్క.

"ఎన్ని రోజులైంది ఆ అబ్బాయిని ఆపి?"

"పది."

"అంటే ఇంకో ఆరు."

"అంతే నాన్నా. ఆరు రోజులు ఓపిక పడితే చాలు."

కాసేపు అటునుంచి ఫ్యాను చప్పుడు మాత్రమే వినిపించింది.

"మా ప్రిన్సిపాల్ గారికి కూడా లెక్కలు బాగా వచ్చేవిరా" అని, "అన్నం తిన్నావా?" అని అడిగి, సమాధానం వినకుండానే పెట్టేశాడు.

ఆ రాత్రి గదాధరుడు రెండు హోమ్ రన్లు కొట్టాడు. అల్బుకర్కీలో కాదు, సొంత మైదానంలోనే. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడో బేస్ దగ్గర ఒక తేలిక బంతి వదిలేశాడు. ఆ వదిలేసిన దాన్ని ఫైల్లో ఎర్ర అక్షరాలతో ఎక్కించి, తేదీ వేసి, సేవ్ చేసి పడుకున్నాను. మూడు రోజుల తర్వాత మొదటిసారి బాగా నిద్రపట్టింది.